పోయిన అడుగులు లేని ఊరు

రెండు వేల ఇరవై నాలుగు, జనవరి. ఖతార్‌లో అది చలికాలం. రెండు రోజుల కింద వాన పడింది. ఇసుక ఇంకా పచ్చి ఆరలేదు.

దోహా నుంచి ఉత్తరానికి పోయే బస్సు దారిలో, దారి కొసన ఉండే రువైస్ ఇంకా కొంత దూరం ఉందనగా, సముద్రం ఒడ్డున ఒక పాడుబడ్డ ఊరు ఉంది. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళు, ముత్యాల కోసం మునిగేవాళ్ళు అక్కడ ఉండేవారట. ఇప్పుడు కప్పుల్లేని గోడలు, ఒక మసీదు మీనారు, అంతే. ఆ ఊరికి పేరు లేక కాదు. ఆ దారిన తిరిగే డ్రైవర్లు ఆ పేరు నోటితో పలకరు. ‘ఆ స్టాపు’ అంటారు.

ఒక చలికాలం ఆ ఊరి పడవ ఒకటి ఒడ్డుకు తిరిగొచ్చిందట. పడవ వచ్చింది గాని అందులో పోయిన మనుషులు రాలేదు. అప్పటి నుంచి… చీకటి పడ్డాక వాళ్ళు నీళ్ళలోంచి లేచి, ఊళ్ళోంచి నడిచి, రోడ్డు దాకా వస్తారట. తెల్లారి చూస్తే ఊళ్ళోంచి బయటికి వచ్చిన అడుగులు ఉంటాయి. లోపలికి పోయిన అడుగులు—ఒక్కటీ ఉండవు.

అందుకే పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజు దాటాక ఆ స్టాపులో ఎవరు చెయ్యి ఎత్తినా బస్సు ఆగదు. ఎత్తిన చెయ్యి ఎవరిదో ఎవరు చూడొచ్చారు?

ఇది జలంధర్‌కు జరిగిన సంగతి. ఆయన తన మీద తానే చెప్పుకుని, అందరికంటే ముందు తానే నవ్వేవాడు. చివరికొచ్చేసరికి మాత్రం నవ్వేవాడు కాదు. విన్నది విన్నట్టు చెప్తున్నాను.

జలంధర్ జగిత్యాల దిక్కు మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. ఖతార్ వచ్చి ఇరవై ఒక్క సంవత్సరాలు. అల్ వుకైర్‌లో లేబర్ క్యాంపు, అక్కడికి దగ్గర్లోనే సైటు, సైటులో కాంక్రీటుకు అచ్చులు కట్టే షట్టరింగ్ పని. పట్టిన పట్టు విడవని మనిషి అని ఆయనకు పేరు. ఆ పేరు పోకుండా ఆయన చాలా శ్రద్ధగా చూసుకునేవాడు.

ఆయనకు ఒక పిచ్చి ఉంది. శుక్రవారం సెలవు రాగానే తలకు నూనె పెట్టుకుని, టిఫిన్ డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు కట్టుకుని, బస్సు కార్డు జేబులో వేసుకుని, ఏదో ఒక బస్సెక్కి అది ఎక్కడి దాకా పోతే అక్కడి దాకా పోయేవాడు. దిగిన చోట ఉన్న ఊరు చూసేవాడు. ఆ ఊరి కిరాణా కొట్టు, మేకల దొడ్డి, మసీదు బయట చెప్పులు, నీళ్ళ ట్యాంకు—అన్నీ చూసి, చాయ్ తాగి, తిరుగు బస్సెక్కేవాడు. రాగానే ఊరి పేరు నోటుబుక్కులో రాసేవాడు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు కదా, గుండ్రంగా, లావుగా ఉండేవి. ఒక్కో పేరు అర పేజీ తినేది.

క్యాంపులో మిగతావాళ్ళు అల్ సద్‌లో అంగళ్ళు చూడ్డానికి పోయేవాళ్ళు. ఆ నెల అల్ తుమామా స్టేడియంలో ఫుట్‌బాల్ ఆటలు కూడా నడుస్తున్నాయి. ఈయన ఒక్కడే మేకలు చూడ్డానికి పోయేవాడు.

"మేకలు జూసెటందుకు ఈడిదాక రావాల్నా కాకా? కొడిమ్యాల పోతె సరిపోవు గద," అనేవాడు పక్క మంచం సాయిబాబు.

ఊళ్ళో ఉన్న ఆయన భార్య చిన్నవ్వది ఇంకో మాట. ఖతార్ అయినా మస్కట్ అయినా ఆమెకు అంతా దుబాయే. "దుబాయ్‌ల సుత ఊర్లుంటయా? మన ఊరె సక్కగ జూడకపోతివి. ఎప్పుడొచ్చినా నెల దినాలు, గా నెల సుత పండుకునుడె," అనేది ఫోన్లో.

ఆ జనవరిలో జలంధర్‌కు ఒక చిక్కు వచ్చింది. ఆయన కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతుంది. మోకాళ్ళేమో ఏడాది ముందే అయిపోయాయి. మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కటకటమనేది. అది పక్కవాళ్ళకు వినపడకుండా ఆయన గట్టిగా దగ్గేవాడు. మెట్టు మెట్టుకూ ఈ దగ్గేమిటని ఒకరోజు సైటు ఇంజనీరు సిద్ధార్థ్‌కు అనుమానం వచ్చింది. కాకినాడ కుర్రాడు, మర్యాద తెలిసినవాడు.

"బాబాయ్ గారూ, సేఫ్టీ వాళ్ళు మీ గురించి అడుగుతున్నారండి," అన్నాడు మెల్లగా. "శనివారం పొద్దున్న ఆరింటికి రండి. నాలుగు అంతస్తులు రైలింగ్ పట్టుకోకుండా ఎక్కి చూపించండి చాలు. అక్కడే సంతకం పెట్టేస్తాను. రెండేళ్ళు మిమ్మల్ని ఎవరూ కదిపేవాళ్ళుండరు."

ఆ రెండేళ్ళే ఆయనకు కావలసింది. చిన్న బిడ్డ రాణి కరీంనగర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఇంకో రెండేళ్ళు ఇక్కడ నిలబడితే ఆమె చదువు ఒడ్డున పడుతుంది. నిలబడ్డానికి మోకాళ్ళు కావాలి.

ఉపాయం కూడా రాణే చెప్పింది. "ఎనుకకు నడువు నాయినా. రోజు ఒక అరగంట. మోకాలి మీద బరువు తగ్గుతది, నరాలు గట్టి పడ్తయి. మా మేడం జెప్పింది."

బిడ్డ చెప్పింది కదా అని జలంధర్ క్యాంపు వరండాలో వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మొదటి రోజే సాయిబాబు బట్టలు నానబెట్టిన బకెట్లో వెళ్ళి కూలబడ్డాడు. వరండా అంతా నవ్వులే.

"కాకా, రివర్స్ హారన్ పెట్టుకో," అన్నాడు సాయిబాబు చొక్కా పిండుకుంటూ. "లేకుంటె ఎవలు జూడని కాడికి పోయి నడువు."

పట్టుదల మనిషికి ఆ మాట చాలు. క్యాంపువాళ్ళ కంట పడే చోట ఇక నడవనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎవరూ లేని ఊరు ఏదా అని ఆలోచించాడు. నోటుబుక్కులో ఇంకా ఎక్కని ఊరు ఒకటుంది. శనివారం పరీక్ష. శుక్రవారం ఆయన ఉత్తరం బస్సెక్కాడు.

బస్సు డ్రైవరు ఫరీదుద్దీన్ కోరుట్ల మనిషి. ఆ దారిలో రెండుసార్లు కలిసిన పరిచయం. ఆ స్టాపు దగ్గర దిగుతానంటే అద్దంలోంచి ఒకసారి తేరిపార చూశాడు.

"ఆడేముంది జలంధర్ భాయ్?"

"ఊరున్నది గద."

"ఊరున్నది. మంది లేరు."

"గందుకె పోతున్న."

ఫరీదుద్దీన్ ముందు గేరు మార్చాడు. తర్వాత పడవ కథ చెప్పాడు, అడుగుల కథ చెప్పాడు. ఆఖరున, "ఆరున్నరకు నేనే ఆఖరి బస్సు దీస్కొని ఇటే వస్త. పొద్దు గూకక ముందే నడుసుకుంట పెట్రోల్ పంపు కాడికి వచ్చి నిలవడు. నాలుగు కిలోమీటర్లు. చీకటైతె ఆ స్టాపుల నేనాప. నువ్వు నిలవడ్డా ఆప. ముందుగాలనే జెప్తున్న," అన్నాడు.

"ఎట్ల ఆపవో నేను జూస్త," అన్నాడు జలంధర్.

అసలు ఆ మాట అనకపోతే సగం కథ తగ్గేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటి గంటకు దిగాడు. రోడ్డు నుంచి ఊరు మూడు నాలుగు వందల అడుగుల దూరం. నడుమ వానకు తడిసి చదునైన ఇసుక, అలికిన వాకిలిలా ఉంది. ఒక్క మనిషి అడుగు లేదు, ఒక్క పిట్ట అడుగు లేదు. క్యాంపువాళ్ళు ఎవరూ లేరు. జలంధర్‌కు పానం తేలికయింది. బిడ్డను తలుచుకుని నడక మొదలుపెట్టాడు.

టైము కంటే ముందొచ్చిందని బస్సు ఇంకా స్టాపులోనే ఆగి ఉంది. జలంధర్ నడుస్తున్నంతసేపూ దాన్నే చూస్తూ నడిచాడు. బస్సు చిన్నదై, ఇంకా చిన్నదై, అగ్గిపెట్టెంత అయింది. ఫరీదుద్దీన్ చూస్తున్నాడేమో అని ఒకసారి చెయ్యి కూడా ఊపాడు. ఆ చెయ్యి ఊపగానే బస్సు ఉలిక్కిపడ్డట్టు కదిలి, పొగ వదులుకుంటూ పోయింది.

ఊరు బాగుంది. ఇళ్ళు చిన్నవి, గోడలు లావు, గోడల్లో సముద్రపు రాళ్ళు, గవ్వలు. కిటికీల్లోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. జలంధర్ ప్రతి ఇంటి గడపా తొక్కి, ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు అన్ని గదులూ చూశాడు. ఒక ఇంట్లో పొయ్యి రాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. సున్నం రాలుతున్న ఒక గోడ నీడన కూర్చుని అన్నం తిన్నాడు. తొక్కు కారంగా ఉంది. గాలి చల్లగా ఉంది. ఒక్క నిమిషం నడుం వాల్చుదాం అనుకున్నాడు.

ఆ ఒక్క నిమిషం చీకటి పడేదాకా సాగింది.

కళ్ళు తెరిచేసరికి ఏమీ కనపడలేదు. పొగమంచు. ఆ చలికాలపు మంచు సముద్రం మీద నుంచి పాకుతూ వచ్చి గోడల్లో నిండింది. మీనారు సగం దాకే ఉంది, మీద సగం లేదు. ఎక్కడో నీళ్ళు ఒడ్డుకు తగులుతున్న చప్పుడు… ఆగి ఆగి… ఎవరో తడి కాళ్ళతో మెట్లెక్కుతున్నట్టు.

జలంధర్ లేచాడు. ఫోను తీశాడు. ఆరు దాటింది. సిగ్నల్ లేదు. టార్చి వేశాడు.

"ఏం గాదు," అన్నాడు పైకి. ఆ మాట గోడకు తగిలి వేరే ఎవరిదో గొంతుగా తిరిగొచ్చింది. ఇక పైకి మాట్లాడకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాడు.

ఊరి చివరి గోడ దాటి ఇసుకలో కాలు పెట్టాడు. టార్చి వెలుగు నేల మీద పడింది.

అడుగులు.

పచ్చి ఇసుకలో, అచ్చు గుద్దినట్టు. వేళ్ళ దిక్కు రోడ్డు వైపు. మడమ దిక్కు ఊరి వైపు. ఎవరో ఊళ్ళోంచి బయటికి నడిచి పోయారు…

జలంధర్ అక్కడే నిలబడిపోయాడు. వచ్చేటప్పుడు ఈ ఇసుక మీద ఒక్క అడుగు లేదు. తన కళ్ళతో చూశాడు. టార్చిని కుడికి తిప్పాడు. చదును. ఎడమకు తిప్పాడు. చదును. ఎంత వెతికినా ఉన్నది ఒకటే వరస. బయటికి పోయిన వరస.

లోపలికి వచ్చిన అడుగులు లేవు.

ఫరీదుద్దీన్ చెప్పింది చెప్పినట్టే ఉంది. పడవలో పోయినవాళ్ళలో ఒకడు, తాను గోడ పక్కన నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు, తన ముందు నుంచే నడిచి పోయాడు. జలంధర్ ఒళ్ళు జలదరించింది. కానీ అది అసలు భయం కాదు. అసలు భయం తర్వాత వచ్చింది—

ఒక అడుగు మీదికి వంగి చూశాడు. అది వట్టి కాలి గుర్తు కాదు. బూటు గుర్తు. కంపెనీ ఇచ్చే సేఫ్టీ బూటు అడుగున ఉండే గళ్ళు. ఎడమ మడమ బయటి పక్క అరిగిపోయి ఉంది. ఆ అరుగుడు ఆయనకు తెలుసు. రెండేళ్ళుగా ఆ అరుగుడు మీదనే నడుస్తున్నాడు.

తన బూట్లు.

కాళ్ళ వైపు చూసుకున్నాడు. బూట్లు తన కాళ్ళకే ఉన్నాయి.

చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించకుండా ఉంటే బాగుండేది. నేను ఈ ఊళ్ళోకి వచ్చిన గుర్తు లేదు. నేను ఈ ఊళ్ళోంచి పోయిన గుర్తు ఉంది. అంటే నేను పోయాను. పోయాను గాని… ఇక్కడే ఉన్నాను. మరి పోయిందెవరు? ఉన్నదెవరు?

నిద్రలోనే అయిపోయి ఉంటుంది, అనుకున్నాడు. అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఒళ్ళు లేచి, బూట్లు తొడుక్కుని, అలవాటుగా స్టాపుకు నడిచి, బస్సెక్కి క్యాంపుకు పోయింది. పానం ఇక్కడ మిగిలింది. రేపు ఆరు గంటలకు నాలుగు అంతస్తులు ఆ ఒళ్ళే ఎక్కుతుంది. ఆ మాటకు కొంచెం ధైర్యం కూడా కలిగింది—బరువు లేని ఒళ్ళు కదా, మోకాలు కటకటమనదు, రెన్యూవల్ తప్పకుండా అవుతుంది.

అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. ఇక్కడ చచ్చిపోయిన మనిషి ఇంటికి పోవడానికి ఎన్ని కాగితాలు కావాలో ఆయనకు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ క్యాంపు నుంచి ముగ్గురిని పెట్టెల్లో పంపారు. ఒకరి పెట్టె కోసం ఇంటివాళ్ళు పద్దెనిమిది రోజులు ఎదురు చూశారు. రాణి పరీక్షలు మార్చిలో. చిన్నవ్వకు ఎవరు చెప్తారు? సాయిబాబు చెప్తాడా? వాడు చెప్తే నవ్వుతాడు.

తానే ఫోన్ చేసి చెప్దామనిపించింది. "ఓ చిన్నవ్వా, నేను సచ్చిపోయిన," అంటే ఆమె ఏమంటుందో కూడా తెలుసు. "నేను జెప్తె ఎప్పుడిన్నవ్?" అంటుంది.

సిగ్నల్ లేదు.

జలంధర్ ఆ అడుగుల పక్కనుంచే, వాటిని తొక్కకుండా, రోడ్డు దిక్కు నడిచాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి టార్చి వేసుంటే, తన వెనక కొత్త అడుగులు పడుతున్నాయని, తాను ఇంకా బతికే ఉన్నానని అక్కడికక్కడే తేలిపోయేది. కానీ రాత్రిపూట పాడుబడ్డ చోట వెనక్కి తిరిగి చూడకూడదని చిన్నప్పుడు ఆయన తల్లి చెప్పింది. ఆమె చెప్పిన మాటల్లో ఆయన విన్నది అదొక్కటే. ఆ ఒక్కటీ ఆ రోజు గట్టిగా పాటించాడు.

రోడ్డు వచ్చింది. అడుగులు సరిగ్గా స్టాపు దాకా వచ్చి, అక్కడ తారు మీద మాయమైపోయాయి.

దూరంగా మంచులో రెండు దీపాలు.

బస్సు. ఆరున్నర బస్సు. జలంధర్ రోడ్డు అంచుకు వచ్చి చెయ్యి ఎత్తాడు. బస్సు దగ్గరికొచ్చింది… ఇంకా దగ్గరికొచ్చింది… లోపలి దీపాల వెలుగులో ఫరీదుద్దీన్ మొహం స్పష్టంగా కనిపించింది. కళ్ళు రెండూ గిన్నెల్లా ఉన్నాయి. పెదవులు వేగంగా కదులుతున్నాయి.

బస్సు ఆగలేదు. ఆగకపోగా ఇంకా జోరందుకుంది. దాని గాలికి జలంధర్ చొక్కా రెపరెపలాడింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఫరీదుద్దీన్ ముందే చెప్పాడు కదా, చీకటిలో ఆపనని. ఆ మాట జలంధర్‌కు గుర్తుకే రాలేదు. వాడు నన్ను చూడలేదు, అనుకున్నాడు. నా లోపలి నుంచి రోడ్డును చూశాడు. ఇక అనుమానం లేదు. నేను లేను.

తర్వాత ఆయన చేసిన పని ఆయనకే అర్థం కాలేదు. పరుగెత్తాడు. చచ్చిపోయినవాడికి పరుగెందుకని ఆగి ఆలోచించేంత తీరిక లేదు. ఏడాదిగా మెట్టు మెట్టుకూ దగ్గిన మనిషి, నాలుగు కిలోమీటర్లు, సేఫ్టీ బూట్లతో, మంచులో, కాసేపు పరుగు, కాసేపు కుంటుడు, మళ్ళీ పరుగు. కుడి మోకాలు కటకటమనలేదు. మొదటి కిలోమీటరు దాటాక ఒకసారి పెద్దగా ‘టక్’మంది. ఆ తర్వాత మౌనంగా ఉంది. చావుతో నొప్పులు పోతాయంటే నిజమే కాబోలు అనుకున్నాడు.

పెట్రోల్ పంపు వెలుగు కనిపించేసరికి దాదాపు ఎనిమిది. పంపు పక్కన బస్సు. అదే బస్సు. లోపల దీపాలు వెలుగుతున్నాయి, మనుషులు లేరు. చాయ్ కొట్టు ముందర ప్లాస్టిక్ కుర్చీలో, దుప్పటి కప్పుకుని, వీపు ఇటు పెట్టి ఫరీదుద్దీన్ కూర్చుని ఉన్నాడు. ఇక బస్సు నడపలేనని ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పి, ఇంకో డ్రైవరు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. బస్సులో ఉన్న ముగ్గురూ విసుక్కుని ఎవరిదో కారెక్కి పోయారు.

ఫరీదుద్దీన్ ఫోన్లో భార్య కనీజ్‌తో గుసగుసగా మాట్లాడుతున్నాడు. మాట్లాడేది ఉర్దూ. జలంధర్‌కు ప్రతి మాటా మన భాషలో విన్నట్టే అర్థమైంది.

"కనీజ్… నా కళ్ళతోని జూసిన. పగలు ఒంటి గంటకు నేనే దింపిన. మన జగిత్యాల మనిషే అనుకున్న. దిగిండు. ఊళ్ళెకు పోవుడు షురూ జేసిండు… మొహం నా దిక్కే ఉన్నది. పోయేదేమో ఊరి దిక్కు. మొహం ఇటు, నడక అటు… కాళ్ళు ఎనుకకు తిరిగున్నయి కనీజ్. రెప్ప గొట్టకుంట నన్నే జూసుకుంట, గట్లనే గోడ దాక పోయిండు. పోయి… చెయ్యూపిండు. నన్ను రమ్మన్నడు."

అవతల కనీజ్ ఏదో అంది.

"ఇప్పుడు సుత జూసిన. స్టాపుల నిలవడ్డడు. తల తెల్లగ, మొహం తెల్లగ, సున్నం గొట్టినట్టు. చెయ్యెత్తిండు…"

జలంధర్ తన చొక్కా వైపు చూసుకున్నాడు. గోడ పక్కన పడుకున్నప్పుడు రాలిన సున్నం తల నుంచి మోకాళ్ళ దాకా ఉంది.

అక్కడే నిలబడి మెల్లగా లెక్క చూసుకున్నాడు. మొహం ఇటు. నడక అటు. వేళ్ళు రోడ్డు దిక్కు… మడమ ఊరి దిక్కు… వచ్చిన అడుగులు లేవు… పోయిన అడుగులే…

మోకాళ్ళు. రాణి. రోజుకు అరగంట.

ఊళ్ళోకి తాను వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఆ దెయ్యం అడుగులు తాను లోపలికి వచ్చిన అడుగులే.

నవ్వాలో ఏడవాలో తెలియక, ఫరీదుద్దీన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫరీద్ భాయ్… ఒక చాయ్ జెప్పు."

ఫోను కింద పడింది. కుర్చీ పడింది. ఫరీదుద్దీన్ పెట్రోలు పంపు స్తంభం వెనక తేలాడు.

"కాళ్ళు," అన్నాడు అక్కడి నుంచే. "ముందుగాల కాళ్ళు జూపియ్యి."

జలంధర్ ప్యాంటు పైకి లాగి చూపించాడు. ఫరీదుద్దీన్ దూరం నుంచే, పంపు వెలుగులో రెండు కాళ్ళనూ, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూశాడు.

"బూట్లు ఇప్పు. బూట్లు ఎవలైనా ఎటైనా తొడుగుతరు."

బూట్లు కూడా విప్పాడు. వేళ్ళు ముందుకే ఉన్నాయి.

"మరి పగటీలి గట్లెందుకు నడిసినవ్?"

"మోకాళ్ళకు మంచిదని బిడ్డ జెప్పింది."

ఫరీదుద్దీన్ స్తంభం వెనక నుంచి వచ్చి, పడ్డ కుర్చీ లేపి, కూర్చున్నాడు. కింద పడ్డ ఫోను తీసి తుడిచాడు.

"నేను కనీజ్‌కు ఏం జెప్పాలె?"

"దెయ్యానికి మోకాళ్ళ నొప్పులని జెప్పు."

చాయ్ వచ్చింది. జలంధర్ ఒక్క గుక్క తాగాడు. నాలుక కాలింది. కాలినందుకు ఆయనకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఫరీదుద్దీన్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. చాయ్ కొట్టు అతను గల్లా పెట్టె మూసి తాళం వేశాడు.

"నువ్వు నన్ను జూసి ఆపలేదు," అన్నాడు జలంధర్ కళ్ళు తుడుచుకుంటూ. "నేనేమో నువ్వు నన్ను సూడనే లేదనుకున్న. సచ్చిపోయిననుకోని ఉరికిన."

"పంపు దాక ఉరికినవా? నాలుగు కిలోమీటర్లు?"

"ఆఁ."

"గా మోకాళ్ళతోనా?"

జలంధర్ నవ్వు ఆగింది. ప్యాంటు ఇంకా పైకి లాగే ఉంది. కుడి మోకాలు వైపు చూశాడు. అది మోకాలులా లేదు, సొరకాయలా ఉంది. చేత్తో తాకాడు. అప్పటి దాకా మౌనంగా ఉన్న నొప్పి ఒక్కసారిగా నోరు తెరిచింది. బతికున్నవాళ్ళకే ఉండే నొప్పి.

ఇంకో డ్రైవరు తొమ్మిదిన్నరకు వచ్చాడు. ఫరీదుద్దీన్, జలంధర్ పక్క పక్క సీట్లలో కూర్చుని దోహా పోయారు. దిగేటప్పుడు ఫరీదుద్దీన్ మెట్ల దగ్గర చెయ్యి పట్టి దింపాడు. దింపి, "భాయ్, ఆడ రెండు తీర్ల అడుగులున్నయి గద… వచ్చినయి, పోయినయి. తెల్లారి మావోళ్ళు జూస్తరు. రెండూ బయటికే ఉన్నయి. ఇద్దరు బయటికొచ్చిండ్రంటరు," అన్నాడు.

అనుకున్నట్టే అయింది. ఆ వారం తిరగకుండానే బస్టాండులో కథ మారింది. పడవ వాళ్ళు పాతబడిపోయారు. ఇప్పుడు ఆ స్టాపులో ఉండేది సున్నం పూసుకున్న ఒక ముసలాడు. మొహం బస్సు దిక్కు పెట్టి వెనక్కి నడుస్తాడు, చెయ్యి ఊపుతాడు. ఫరీదుద్దీన్ అసలు సంగతి ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. సంజాయిషీ కంటే దెయ్యమే వాళ్ళకు నచ్చింది.

ఆ రాత్రి క్యాంపులో సాయిబాబు మోకాలికి వేడి నీళ్ళ గుడ్డ పెట్టాడు. ఒక్క జోకు వెయ్యలేదు. దాంతో మోకాలి సంగతి ఏమిటో జలంధర్‌కు అర్థమైంది.

శనివారం పొద్దున ఆరు గంటలకు జలంధర్ సైటులో ఉన్నాడు. తలకు నూనె పెట్టుకున్నాడు. సిద్ధార్థ్ కింద నిలబడి, "మెల్లగా బాబాయ్ గారూ, తొందరేమీ లేదు," అన్నాడు.

మొదటి అంతస్తు ఎక్కాడు. దగ్గాడు. రెండోది ఎక్కాడు. మూడోది కూడా ఎక్కాడు, రైలింగ్ పట్టుకోకుండా. నాలుగో అంతస్తుకు ఇంకా తొమ్మిది మెట్లు ఉన్నాయనగా కుడి మోకాలు మడవనన్నది. ఆయన నిలబడి చాలాసేపు దానితో పంతం పట్టాడు. తర్వాత చెయ్యి రైలింగ్ మీద వేశాడు.

కింద నుంచి చూస్తున్న సిద్ధార్థ్ తల దించుకుని, సంతకం పెట్టకుండానే కాగితం మడిచాడు.

నోటుబుక్కులో ఆ ఊరి పేరు ఎక్కింది. అర పేజీ.

రెన్యూవల్ కాలేదు. ఫిబ్రవరి పద్నాలుగున జలంధర్ ఇంటికి పోయాడు. రాణి చదువు ఒక సంవత్సరం ఆగింది.